తాత కొలతకు చేసిన తుపాకి

ఏటా సెప్టెంబరు మొదటి రోజుల్లో, వరినాట్లు ముగిసి పొలం పనులు కాస్త తెరిపి ఇచ్చాక, కర్ణాటకలోని కొడగు కొండల్లో కైల్‌పొళ్దు పండుగ జరుపుకొంటారు. ఇంట్లో ఉన్న తుపాకులనూ కత్తులనూ తుడిచి, దేవుడి గదిలో దీపం ముందు ఉంచి, గంధం బొట్లు పెడతారు. తుపాకి మూతికి తోక్‌పూ గుచ్చుతారు. వానాకాలంలో మన అడవి అంచుల్లోనూ మంట రేగినట్టు ఎర్రగా, పచ్చగా పూసే అగ్నిశిఖ పువ్వే అది. పూజ అయ్యాక ఇంటి పెద్ద ఆ తుపాకిని తీసి తన తరవాతి తరం చేతికి అందిస్తాడు. ఆపైన అందరూ ఊరి మైదానానికి చేరి, ఎత్తైన చెట్టుకు కట్టిన కొబ్బరికాయకు గురిపెడతారు.

అలా చేతులు మారే తుపాకి చాలా ఇళ్లలో తాత కొన్నది, లేదా ముత్తాత కొన్నది. పక్కపక్కనే రెండు గొట్టాలు, నల్లబడిన అక్రోటు కొయ్య, గొట్టాల నడుమ పట్టీ మీద చిన్న అక్షరాల్లో ఇంగ్లండు పనివాడి పేరు. నూరేళ్లు దాటినా మడత తెరిస్తే మెత్తగా తెరుచుకుంటుంది, మూస్తే సందు కనిపించకుండా మూసుకుంటుంది. తరతరాల మమకారం ఆ తుపాకిని అంటిపెట్టుకుని ఉండటానికి వంశాభిమానం ఒక్కటే కారణం కాదు. మమకారం నిలవడానికి తగినట్టుగా దాన్ని చేసినవాళ్లు చేశారు. మనిషి ఒంటికి కొలిచి చేశారు, విప్పి బాగుచేసుకునేలా చేశారు, కొన్నవాడు పోయాక కూడా పనిచేసేలా చేశారు. ఈ వ్యాసం ఆ పనితనాన్ని దగ్గరగా చూసి, మనసారా మెచ్చుకోవడానికే.

కొడగు ఇంటి తుపాకి

కొడగులోని కొడవ జాతివారి జీవితంలో తుపాకి వేటకే పరిమితమైన పనిముట్టు కాదు. మగబిడ్డ పుడితే గాలిలోకి ఒక్క తూటా కాల్చడం ఆనవాయితీ. అదే రోజుల్లో పసివాడి చేతికి ఆముదపు కాడతో చేసిన చిట్టి విల్లు తాకిస్తారు. ఇంట్లో ఎవరైనా పోతే వెంటవెంటనే రెండు తూటాలు కాలుస్తారు. ఆ జంట మోత వినగానే చుట్టుపక్కల వాళ్లు చేతిలో పని వదిలి ఆ ఇంటికి చేరతారు. పుత్తరి పండుగనాడు తొలి వరికంకులు కోసే ఘడియను కూడా తుపాకి మోతే చాటుతుంది. పుట్టుక, చావు, పంట మూడింటికీ ఒకే తుపాకి పలికిందంటే, అది ఆ ఇంటి గొంతన్న మాట.

ఈ బంధానికి చట్టం కూడా చోటిచ్చింది. 1857 తిరుగుబాటు తరవాత ఇంగ్లీషు ప్రభుత్వం దేశమంతటా ఆయుధాలు ఏరివేస్తున్న రోజుల్లో, 1861లో కొడగు వారికి మినహాయింపు దక్కింది. స్వతంత్ర భారతంలోనూ అది కొనసాగింది. కొడవ జాతివారికీ, వంశపారంపర్యమైన జమ్మా భూములు అనుభవిస్తున్న వారికీ లైసెన్సు లేకుండానే తుపాకి ఉంచుకునే వెసులుబాటును కేంద్రప్రభుత్వం 2019లో మరో పదేళ్లు, అంటే 2029 దాకా పొడిగించింది. దాన్ని సవాలు చేస్తూ వేసిన పిటిషన్‌ను కర్ణాటక హైకోర్టు 2021లో తోసిపుచ్చింది. సైన్యాధిపతులుగా పనిచేసిన జనరల్ కరియప్ప, జనరల్ తిమ్మయ్య పుట్టిన నేల అది. ఆయుధాన్ని చేతపట్టడం అక్కడ పరువుతోనూ క్రమశిక్షణతోనూ ముడిపడిన విషయం.

ఇంగ్లీషు తుపాకి ఆ కొండల్లోకి ఎలా వచ్చింది? పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో కాఫీ తోటలు విస్తరించాయి. తోటల దొరలూ, సైన్యపు అధికారులూ తమ తుపాకులు వెంట తెచ్చుకున్నారు. మద్రాసులో పి. ఆర్ అండ్ సన్స్, కలకత్తాలో మాంటన్, రాడ్డా వంటి అంగళ్లు ఇంగ్లండు నుంచి తెప్పించి అమ్మేవి. అందుకే పాత తుపాకుల మీద ఒక్కోసారి చేసినవాడి పేరుకు బదులు అమ్మిన మద్రాసు అంగడి పేరే కనిపిస్తుంది. జమీందారులూ సంస్థానాధీశులూ వాటినే కొన్నారు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధశాలకు వెళ్తే ఆనాటి ఉన్నత కుటుంబాలకు ఆయుధాల మీద ఉన్న మక్కువ కళ్లకు కడుతుంది. అయితే మ్యూజియంలో వస్తువు అద్దం వెనక ఉండిపోయింది. కొడగు ఇంట్లో అది ఇంకా చేతుల్లో తిరుగుతోంది.

వడివేసిన ఇనుము

పాత తుపాకి గొట్టాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూస్తే, నున్నటి గోధుమరంగు లోహంలో సన్నటి సుడులు గొట్టం పొడవునా అల్లుకుపోయి ఉంటాయి. అది పైపూత కాదు, చెక్కడమూ కాదు. లోహం లోపలినుంచీ అదే అల్లిక ఉంటుంది.

దాన్ని డమాస్కస్ గొట్టం అంటారు. మెత్తటి ఇనుము రేకులనూ ఉక్కు రేకులనూ ఒకదానిపై ఒకటి పేర్చి, కొలిమిలో తెల్లగా కాల్చి, సమ్మెటదెబ్బలతో ఒకే ముద్ద చేస్తారు. ఆ ముద్దను సాగదీసి నలుపలకల కడ్డీలుగా మారుస్తారు. కాలిన కడ్డీని ఒక కొస బిగించి, రెండో కొస పట్టి మెలితిప్పుతారు. ఒక కడ్డీని కుడివైపు మెలిపెడితే పక్కదాన్ని ఎడమవైపు మెలిపెడతారు. రెండో మూడో కడ్డీలను కలిపి అతికితే పట్టీ తయారవుతుంది. ఆ పట్టీని ఇనుపకమ్మీ చుట్టూ తీగలా చుట్టి, చుట్టుకూ చుట్టుకూ నడుమ అంచులు కరిగి ఒకటయ్యేదాకా కొడతారు. ఎక్కడో ఒకచోట మసి చిక్కుకున్నా, అతుకు అందకపోయినా, ఆ గొట్టం పనికిరాదు. ఇంత చేశాక లోపల తొలిచి, బయట అరగదీసి, చాలా ఇనుమును పొడి చేసి పారేస్తే మిగిలేది రెండు సన్నటి గొట్టాలు.

ఆ అల్లిక కంటికి కనిపించడానికి మరో ఓపిక కావాలి. గొట్టానికి మందు రాసి తడిగా ఉంచి కావాలనే తుప్పు పట్టిస్తారు. మరిగే నీళ్లలో ముంచి, తీగల బ్రష్షుతో రుద్దుతారు. మళ్లీ తుప్పు, మళ్లీ రుద్దుడు, రోజుల తరబడి. ఇనుము ఒక తీరుగా, ఉక్కు మరో తీరుగా రంగు పట్టడంతో సుడులు తేలుతాయి. వస్తువును పాడుచేసే తుప్పునే అదుపులో పెట్టి, దానితోనే గొట్టానికి కవచం తొడగడం ఈ పనిలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకునే నేర్పు.

ఇనుమును చుట్టి గొట్టం చేసే విద్య మన దేశానికి కొత్తది కాదు. అక్బరు కొలువు గురించి అబుల్ ఫజల్ రాసిన ఐనీ అక్బరీలో దీని వివరం ఉంది. పాతపద్ధతిలో రేకును వంచి అంచులు కలిపేవారనీ, అలాంటి గొట్టాలు పగిలి మనుషులకు ప్రమాదం తెచ్చేవనీ, అక్బరు పద్ధతిలో రేకును కాగితం చుట్టినట్టు ఏటవాలుగా చుట్టి అంచు మీద అంచు వచ్చేలా అతికేవారనీ అందులో చెప్పాడు. ఒక్క ఎద్దు తిప్పే చక్రంతో పదహారు గొట్టాలను ఒకేసారి లోపల శుభ్రం చేసే యంత్రం సంగతి కూడా ఉంది. ప్రతి తుపాకి మీదా ఇనుము ఎక్కడిదో, చేసిన పనివాడెవరో, ఏ ఊళ్లో ఏ తేదీన తయారైందో చెక్కించేవారు. పనివాడి పేరుకు పాదుషా కొలువులో అంత మర్యాద ఉండేది.

ఇక్కడ తెలుగునేలకు కూడా ఒక బంధుత్వం ఉంది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో కమ్మరులు మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారు. 1820లలో అక్కడికి వెళ్లిన వాయ్‌సీ అనే ఇంగ్లీషు పరిశోధకుడు ఆ పనిని చూసి వివరంగా రాశాడు. అలాంటి దక్షిణాది ఉక్కుతోనే పశ్చిమాసియాలో అలల గీతలున్న పేరుమోసిన కత్తులు తయారయ్యాయి. తుపాకి గొట్టంలోని సుడులు కడ్డీలు మెలితిప్పి అతకడం వల్ల వచ్చినవి. కత్తిలోని అలలు మూసలో ఉక్కు గడ్డకట్టే తీరు వల్ల వచ్చినవి. దారులు వేరైనా, తూర్పుదేశాల లోహంలోని ఆ అందమే యూరపు కమ్మరులకు ఆదర్శమైంది. బెల్జియంలోని లీజ్ చుట్టుపక్కల పల్లెలూ, ఇంగ్లండులోని బర్మింగ్‌హామూ ఆ విద్యలో ఆరితేరాయి.

మసి చెప్పే నిజం

గొట్టాలు రెండూ తయారయ్యాక వాటిని జతచేయడం వేరే పని. పైనా కిందా సన్నటి పట్టీలు పెట్టి తగరంతో మాటు వేస్తారు. జత చేసేటప్పుడు రెండింటినీ మూతి వైపు కాస్త దగ్గరికి తెస్తారు. అలా చేస్తేనే ఎడమ గొట్టం, కుడి గొట్టం ఒకే గురి మీద కలుస్తాయి. గొట్టాల జతను కొయ్య నుంచి విడదీసి, వేలికి వేలాడదీసి గోటితో తడితే, మాటు గట్టిగా ఉన్న జత ఖంగున మోగి చాలాసేపు పలుకుతుంది. ఎక్కడైనా మాటు విడిస్తే బొంగురుపోతుంది. పాతకాలపు తుపాకి పనివాళ్లు ఇప్పటికీ మొదట చేసే పరీక్ష అదే.

ఈ తుపాకుల్లో ఎక్కువగా కనిపించేది పన్నెండు బోర్. పౌను సీసంతో పన్నెండు సమానమైన గుండ్లు పోస్తే, అందులో ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం అది. లోపలి వెడల్పు సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. ఒక గొట్టాన్ని మూతి దగ్గర వెంట్రుకవాసి సన్నం చేస్తారు. అందువల్ల సీసపు గుళ్లు చెదరకుండా దూరం పోతాయి. 1870ల నడుమ ఇంగ్లీషు తుపాకి తయారీదారు డబ్ల్యు. డబ్ల్యు. గ్రీనర్ ఈ పద్ధతికి బాగా ప్రచారం తెచ్చాడు. తేడా ఎంతంటే, గట్టిగా సన్నం చేసినచోట కూడా ఒక్క మిల్లీమీటరు. ఆ మాత్రం తేడాతో తుపాకి స్వభావమే మారిపోతుంది.

గొట్టాలూ కొయ్యా కలిసే చోట ఉండే ఉక్కు భాగమే తుపాకికి గుండె. 1875లో బర్మింగ్‌హామ్‌లోని వెస్ట్లీ రిచర్డ్స్ సంస్థలో విలియం ఆన్సన్, జాన్ డీలీ అనే ఇద్దరు తయారుచేసిన ఏర్పాటు తుపాకుల తీరునే మార్చేసింది. అంతకుముందు గొట్టాల వెనక బయటికి కనిపించే గుర్రాలను వేలితో వెనక్కి లాగాల్సి వచ్చేది. ఆన్సన్, డీలీల తుపాకిలో గుర్రాలు పెట్టె లోపలికి వెళ్లిపోయాయి. తూటాలు పెట్టడానికి గొట్టాలను కిందికి వంచితే చాలు, ఆ కదలికతోనే లోపలి గుర్రాలు వెనక్కి వెళ్లి సిద్ధమవుతాయి. కదిలే భాగాలు తగ్గాయి, చెడిపోయే అవకాశమూ తగ్గింది. ఈ పొదుపైన ఆలోచన వల్లే పెద్దదొరలకు మాత్రమే అందే మేలురకం తుపాకి మధ్యతరగతి తోటల యజమానికీ అందింది. అదే సంస్థ 1897లో మరో మెట్టు ఎక్కింది. పనిముట్టేమీ లేకుండా చేత్తోనే అడుగు పలక తెరిచి లోపలి యంత్రాన్ని మొత్తంగా బయటికి తీసే వీలు కల్పించింది. పట్టణానికి, పనివాడికి దూరంగా ఉండే భారతదేశపు యజమానికి అది వరమే. ఒక జత చెడితే మరో జత అమర్చుకోవచ్చు.

అయితే పటం మీద గీసిన ఆలోచన లోహంలో నిలబడాలంటే ఆకురాయి పట్టిన చెయ్యి కావాలి. గొట్టాల అడుగున ఉండే కొక్కెం ఉక్కుపెట్టెలోని గాడిలో కూర్చోవాలి. కూర్చున్నాక గాలి కూడా దూరనంత బిగుతుగా ఉండాలి, అయినా వేలి ఒత్తిడికి తెరుచుకోవాలి. దీనికి పనివాడు వాడేది దీపపు మసి. కొక్కేనికి పల్చగా మసి పట్టించి గాడిలో ఒత్తి తీస్తాడు. మసి అంటుకున్నచోట ఎత్తు ఉందని అర్థం. అక్కడ ఆకురాయితో ఒక్క గీత గీస్తాడు. మళ్లీ మసి, మళ్లీ ఒత్తుడు, మళ్లీ ఒక్క గీత. అంతటా సమంగా నలుపు అంటేదాకా ఈ పని సాగుతుంది. కొయ్యనూ ఉక్కునూ కలపడానికీ ఇదే దారి. కంటికి కనిపించని తేడాను మసి చూపిస్తుంది, చెయ్యి సరిచేస్తుంది. నూరేళ్ల తరవాత కూడా ఆ కీలు వదులు కాలేదంటే, తొందరపడని ఆ ఆకురాయి గీతలే కారణం.

అడుగున కొట్టిన ముద్రలు

గొట్టాలను విప్పి అడుగుభాగం చూస్తే కిరీటాలు, అక్షరాలు, అంకెలు కొట్టిన చిన్న ముద్రలు కనిపిస్తాయి. ఇంగ్లండులో తయారైన ప్రతి గొట్టాన్నీ అమ్మకానికి ముందు పరీక్షశాలకు పంపాలి. లండన్ తుపాకి పనివాళ్ల సంఘానికి 1637లోనే రాజపత్రం వచ్చింది. బర్మింగ్‌హామ్ పరీక్షశాల 1813లో చట్టం ద్వారా ఏర్పడింది. అక్కడ మామూలు తూటాకంటే ఎక్కువ మందు దట్టించి పేలుస్తారు. తట్టుకున్న గొట్టానికే ముద్ర. పగిలితే ఇంతకాలపు శ్రమ తుక్కులోకి పోతుంది.

ముద్రలు చదవడం రావడం వారసుడికి అలంకారం కాదు, ప్రాణరక్షణ. పాత గొట్టాల్లో చాలావాటిని నల్ల తుపాకిమందుకే పరీక్షించారు. పొగరాని మందు ఒత్తిడి తీరు వేరు. పైగా ఆనాటి ఇంగ్లీషు తుపాకుల్లో తూటా గది పొడవు ఎక్కువగా 65 మిల్లీమీటర్లు. ఇప్పటి తూటాలు సాధారణంగా 70 మిల్లీమీటర్ల కొలతవి. పొడవు తూటా పొట్టి గదిలో పట్టినట్టే కనిపిస్తుంది కానీ, పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. తెలిసిన పనివాడు గొట్టం గోడ మందం కొలిచి, ముద్రలు చదివి సరేననేదాకా అలాంటి తుపాకిని పేల్చకూడదు. దీపం ముందు ఉంచడానికైతే ఏ ఆటంకమూ లేదు.

మనిషిని కొలిచిన కొయ్య

నాకు అన్నిటికంటే ప్రియమైన భాగం కొయ్య. అక్రోటు చెట్టు మొదలు, వేళ్లు కలిసే చోట నరాలు ముడిపడి నల్లగా, తేనెరంగులో గీతలు తిరుగుతాయి. ఆ చెక్కను కోసి ఏళ్ల తరబడి నీడలో ఆరబెడతారు. పనివాడు ముందుగా నరం దారి చూస్తాడు. చేతిపట్టు సన్నగా ఉండే చోట నరం నిటారుగా సాగాలి, అక్కడ అడ్డం తిరిగితే పేలుడు అదురుకు విరుగుతుంది. అందం చూపించే సుడులన్నీ వెనక మడమ దగ్గర పడాలి. అంటే చెట్టు పెరిగిన తీరును చదివి, దాని లోపలే తుపాకి ఎక్కడ ఉందో వెతకాలి.

మెరుగు వార్నిషుది కాదు. అవిసె నూనెను అరచేత్తో రుద్ది ఆరనిచ్చి మళ్లీ రుద్దుతారు. వారాల తరబడి ఇలా సాగితే నూనె లోపలికి ఇంకి కొయ్య రంగు లోతు తెలుస్తుంది. గీత పడితే మళ్లీ నూనె రాసి సరిచేసుకోవచ్చు. చేతిపట్టు మీద అంగుళానికి ఇరవైకి పైగా గీతలు చొప్పున రెండు వైపుల నుంచి కోసి, చిన్న చిన్న వజ్రాల ఆకారంలో గళ్లు తేలుస్తారు. అరచెయ్యి చెమటపట్టినా జారకుండా అవి పట్టుకుంటాయి.

మేలురకం తుపాకి కొనేవాడికి దర్జీ కొలతలు తీసినట్టే కొలతలు తీసేవారు. ట్రిగ్గర్ నుంచి మడమ దాకా ఎంత పొడవు ఉండాలన్నది చేతుల పొడవును బట్టి ఉంటుంది. కొయ్య ఎంత కిందికి వాలాలన్నది మెడ ఎత్తును బట్టి ఉంటుంది. ఎంత పక్కకి వంగాలన్నది భుజాల వెడల్పును బట్టి, చెంప నిండుదనాన్ని బట్టి ఉంటుంది. తుపాకి ఎత్తగానే తల వంచకుండా, వెతకకుండా కన్ను నేరుగా గొట్టాల వెంట పరుగెత్తాలి. అంత సరిగ్గా కుదిరితేనే పని పూర్తయినట్టు.

అందుచేత, తాత పేరున కొలిచి చేసిన తుపాకి తాత ఒంటి లెక్కే. ఫోటోలో ఆయన ముఖం ఉంటుంది, పత్రాల్లో సంతకం ఉంటుంది. కానీ ఆయన భుజం ఎంత వెడల్పు, చెయ్యి ఎంత పొడవు, చెంప కొయ్యకు ఎక్కడ ఆనేది, ఇవన్నీ నిలిచి ఉన్నది ఆ తుపాకి కొయ్యలోనే. మనవడు దాన్ని భుజానికెత్తితే కాస్త పొట్టిగానో పొడుగ్గానో తగులుతుంది. ఆ తేడాయే తాతకూ తనకూ మధ్య ఉన్న తేడా. కొన్ని ఇళ్లలో మడమకు చిన్న కొయ్యముక్క అతికి పొడవు పెంచి ఉంటుంది. అది చూసి పొడగరి కొడుకు ఉండేవాడని చెప్పవచ్చు. మరే వారసత్వ వస్తువులోనూ మనిషి దేహం ఇంత నికరంగా నమోదు కావడం నేను ఎరగను.

చెక్కడం, రంగు, అరుగుదల

ఉక్కుపెట్టె మీద చెక్కిన సన్నటి తీగలు, గులాబీ గుత్తులు ఉలి మొనతో, చిన్న సుత్తితో చేసినవి. చెక్కడం అందానికే కాదు, నున్నటి లోహం మీద పడే వెలుతురు మెరుపును కూడా అది తగ్గిస్తుంది. మంచి పనిలో స్క్రూల తలల మీది గాడులన్నీ గొట్టాల వైపుకే, ఒకే దిశలో నిలిచి ఉంటాయి. స్క్రూ పూర్తిగా బిగుసుకునే సరికి గాడి ఆ దిశకే రావాలి. ఎవరూ అడగని చోట కూడా క్రమం తప్పని ఆ పట్టింపు చూస్తే పనివాడికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

పెట్టె మీద నీలం, గోధుమ, గడ్డిరంగు మబ్బుల్లా కలిసి కనిపించేవి పూసిన రంగులు కావు. మెత్తటి ఉక్కును ఎముకల బొగ్గులో పూడ్చి, ఎర్రగా కాల్చి, నీళ్లలోకి జారవిడిస్తే పైపొర గట్టిపడుతుంది, లోపల మాత్రం దెబ్బ తట్టుకునే మెత్తదనం మిగులుతుంది. రంగులు ఆ పనికి ఆనవాలు. నడిచేటప్పుడు చెయ్యి ఎక్కువగా పట్టుకునే చోట ఆ రంగు పోయి వెండిలా తెల్లబడుతుంది. చేతిపట్టు మీది గళ్లు నునుపుదేలుతాయి. ఆ తెల్లదనాన్ని బట్టి యజమాని తుపాకిని ఎలా మోసేవాడో, ఆ నునుపును బట్టి ఎంతకాలం మోశాడో తెలిసిపోతుంది.

ఇక్కడే చాలామంది వారసులు తొందరపడతారు. పాతది కొత్తగా కనిపించాలని గొట్టాలకు నల్లరంగు వేయిస్తారు, పెట్టెను యంత్రం మీద మెరుగు పెట్టిస్తారు, కొయ్యకు వార్నిషు కొట్టిస్తారు. వేడి రసాయనపు తొట్టిలో ముంచి నల్లబరిస్తే డమాస్కస్ సుడులు మాసిపోతాయి, తగరపు మాటు విడిపోయే ముప్పు కూడా ఉంది. మెరుగు చక్రం చెక్కడపు అంచులను తినేస్తుంది. చెయ్యి అరగదీసిన గళ్లను మళ్లీ పదునుగా కోయిస్తే తాత చెయ్యి చెరిగిపోతుంది. వదులైన కీలును బిగించాలి, పగిలిన కొయ్యను అతకాలి, తుప్పును ఆపాలి. అంతవరకే మరమ్మతు. అరుగుదలను అలాగే వదిలేయాలి, అది ఆ ఇంటివాళ్లు దాని మీద చేసిన పని.

వారసుడి బాధ్యత

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు వేట నిషిద్ధం. అది జరగాల్సిన మేలే. ఈ తుపాకులు ఒకప్పుడు చాలా జీవాలను బలిగొన్నాయన్న నిజాన్ని దాచాల్సిన పనీ లేదు. ఆ పని ముగిసింది. ఇప్పుడు ఇంటి చరిత్రగా, చేతిపనికి సాక్ష్యంగా నిలవడమే వాటి పని.

కొడగు మినహాయింపు మనకు వర్తించదు. తెలుగు రాష్ట్రాల్లో వారసత్వంగా వచ్చిన తుపాకి ఉన్న కుటుంబాలు లైసెన్సు దారిలోనే నడవాలి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సుదారు మరణించాక వారసులు దరఖాస్తు చేసుకోవచ్చు. లేదా లైసెన్సుదారుకు డెబ్భై ఏళ్లు నిండినా, ఆ తుపాకి ఆయన దగ్గర ఇరవై అయిదేళ్లు ఉన్నా, తాను బతికి ఉండగానే వారసుణ్ణి ఎంచుకుని బదలాయించవచ్చు. కూతురికి కూడా ఇవ్వవచ్చు. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణతో ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినా అదే హద్దు. పెద్దాయన ఉండగానే ఈ పని పూర్తిచేయడం మేలు. ఆయన పోయాక కాగితాలు తేలక, తుపాకి ఏళ్లకేళ్లు ఠాణా గదిలో తేమకు వదిలేయాల్సి రావచ్చు. ఎన్నికల వేళ అప్పగించాల్సి వచ్చినా గొట్టాల లోపలా బయటా నూనె పట్టించి ఇవ్వండి. తెచ్చుకున్న రోజే తుడవండి. ఇంట్లో తుపాకి ఎప్పుడూ ఖాళీగా, తాళంలో, పిల్లలకు అందకుండా ఉండాలి. తూటాలు వేరే చోట ఉండాలి. తోలు సంచిలో ఏడాదంతా మూసి ఉంచితే తేమ పట్టి గొట్టం గుంటలు పడుతుంది. వానాకాలంలో తరచు తీసి చూడాలి.

ఇంకో పని కూడా చేయండి. తుపాకి మీద చేసినవాడి పేరు, నంబరు ఉంటే రాసి పెట్టుకోండి. వెస్ట్లీ రిచర్డ్స్, హాలండ్ అండ్ హాలండ్, పర్డీ వంటి పాత సంస్థల దగ్గర నాటి ఖాతా పుస్తకాలు ఉన్నాయి. నంబరు చెప్పి అడిగితే అది ఏ సంవత్సరంలో తయారైందో, మొదట ఎవరి కోసం చేశారో తెలిసే వీలుంది. ఆ వివరం పక్కనే మీ ఇంటి వివరం కూడా ఒక కాగితం మీద రాయండి. ఎవరు కొన్నారు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది, ఏ మరమ్మతు ఎప్పుడు ఎవరు చేశారు. అబుల్ ఫజల్ కాలంలో పాదుషా తుపాకికి దక్కిన ఆ మర్యాద మీ తాత తుపాకికి కూడా దక్కాలి. ఇంటి పెద్దలకు ఇంకా గుర్తున్నప్పుడే అడిగి, తేదీ వేసి, లైసెన్సు కాగితాలతో పాటు భద్రపరచండి.